హార్మోన్ పాజిటివ్ రొమ్ము క్యాన్సర్: ముప్పు జాబితాలో ఉన్నవేవీ నాకు లేవు, మరి ఎందుకు వచ్చింది?

నీలిగోరింట:
నా వయసు 47. రెండు నెలల కిందట ఎడమ రొమ్ములో గడ్డకు బయాప్సీ చేశారు. ఈస్ట్రోజన్ రిసెప్టర్ 90 శాతం, ప్రొజెస్టెరాన్ రిసెప్టర్ 60 శాతం, హెర్2 (కణాలు త్వరగా పెరిగేలా చేసే ప్రోటీన్) నెగెటివ్ అని రిపోర్టు వచ్చింది. ఆపరేషన్ అయిపోయింది. రేడియేషన్ మొదలు కావాలి, ఆ తర్వాత ఐదేళ్లు మాత్ర.

జబ్బు కన్నా నన్ను ఎక్కువగా తినేస్తున్నది ఒక ప్రశ్న. ఏది చదివినా అదే జాబితా: పిల్లలు ఆలస్యంగా పుట్టడం, పాలివ్వకపోవడం, అధిక బరువు, మద్యం, కుటుంబంలో ఉండటం. నాకు మొదటి కాన్పు 24 ఏళ్లకు, రెండోది 27కు. ఇద్దరికీ ఏడాది దాటేవరకు పాలిచ్చాను. మద్యం అలవాటు లేదు. బరువు ఎప్పుడూ అదుపులోనే ఉంది. అమ్మకు గానీ, పిన్నికి గానీ, మేనత్తలకు గానీ రాలేదు. చూడటానికి వచ్చిన ఒకావిడ, "ఊరికే రాదు కదమ్మా, ఏదో ఒకటి చేసే ఉంటావు" అని వెళ్లిపోయింది. పది రోజులుగా ఆ మాట చెవిలోనే ఉంది. నేను ఏం చేశాను?

ఇంకో సంగతి. మా అక్కకు 52. నెలసరి ఆగాక ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర పట్టదని రెండేళ్లుగా హార్మోన్ మాత్ర వేసుకుంటోంది. నాకు ఇలా అని తెలిసినప్పటి నుంచి ఆ మాత్రల డబ్బా చూస్తేనే వణికిపోతోంది. నాకు 19 ఏళ్ల కూతురు కూడా ఉంది. ఎవరైనా వివరంగా చెప్పగలరా?

చెమ్మచెక్క:
ఆ మాట అన్నావిడ మళ్లీ వస్తే తలుపు తీయకండి. మిగతాది తెలిసినవాళ్లు చెబుతారు. ఇది మాత్రం ముందు చెప్పాలనిపించింది.

కొలబద్ద:
నీలిగోరింట గారూ, రొమ్ము క్యాన్సర్ వచ్చినవారిలో దాదాపు సగం మందికి ఆడవారు కావడం, వయసు పెరగడం తప్ప చూపించదగ్గ ముప్పు కారణమే ఉండదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. కుటుంబం సంగతి కూడా అంతే. 2001లో 52 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, ఈ జబ్బు వచ్చిన ప్రతి తొమ్మిది మందిలో ఎనిమిది మందికి తల్లి, అక్కచెల్లెళ్లు, కూతురు ఎవరికీ అది లేదు. "మా ఇంట్లో ఎవరికీ లేదు" అనేవారే ఎక్కువ.

ముప్పు కారణం అన్నది గుంపుకు సంబంధించిన లెక్క. పదివేల మందిలో ఎంతమందికి రావచ్చో చెబుతుంది, ఆ పదివేల మందిలో ఎవరికో చెప్పలేదు. మీరు ఏం చేశారన్న ప్రశ్నకు అందులో జవాబు వెతకకండి, దొరకదు.

ఒక్కటి అడుగుతాను, నొచ్చుకోకండి. మొదటి నెలసరి ఏ వయసులో వచ్చింది? ఇప్పటికీ వస్తోందా?

నీలిగోరింట:
పదకొండో ఏట. అవును, ఇప్పటికీ నెలనెలా వస్తూనే ఉంది. ఎందుకు అడిగారు?

కొలబద్ద:
మీరు రాసిన జాబితాలో ఆ రెండూ లేవు కాబట్టి. ఈ రకం క్యాన్సర్ విషయంలో అసలు లెక్క నెలసరి ఉన్నన్నాళ్లూ అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజన్ హార్మోన్ ప్రభావంలో రొమ్ము కణజాలం ఎన్నేళ్లపాటు ఉందన్నదే. 117 అధ్యయనాల సమాచారాన్ని కలిపి 2012లో ప్రచురించారు. నెలసరి ఒక ఏడాది ముందుగా మొదలైతే ముప్పు సుమారు 5 శాతం, ఒక ఏడాది ఆలస్యంగా ఆగితే సుమారు 3 శాతం పెరుగుతుందని తేలింది. ఇవి ఉన్న ముప్పు మీద పెరుగుదల, అంతే. నూటికి ఐదుగురికి అదనంగా వస్తుందని అర్థం కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

వానాకాలం:
కొలబద్ద గారూ, మీ లెక్కలు సరైనవే కావచ్చు. కానీ ఆవిడ తప్పు ఏమీ లేదని చెప్పాల్సిన చోట ఇంకో కారణం తవ్వి చేతిలో పెట్టారు. పదకొండేళ్లకు పెద్దమనిషి కావడం ఆవిడ చేతిలో ఉందా?

కొలబద్ద:
లేదు. నేను చెబుతున్నదీ అదే. జాబితాలో సగం మన చేతిలో లేనివే. "ముప్పు కారణం" అనగానే "చేసిన తప్పు" అని వినిపించడమే అసలు చిక్కు.

గాజుపలక:
నేను పాథాలజీ ప్రయోగశాలలో పనిచేస్తాను. రిపోర్టులో ఆ 90 శాతం ఎలా వస్తుందో చెబితే భయం కొంచెం తగ్గుతుందేమో.

గడ్డలోని ముక్కను మైనంలో బిగించి, వెంట్రుక కన్నా పలచని పొరలుగా కోసి గాజు పలక మీద పరుస్తాం. ఈస్ట్రోజన్ రిసెప్టర్‌ను పట్టుకునే ప్రతిరక్షకం వేసి, దానికి రంగు అంటేలా చేస్తాం. మైక్రోస్కోపులో చూస్తే రిసెప్టర్ ఉన్న కణాల కేంద్రకాలు ముదురు గోధుమ రంగులో, లేనివి లేత నీలంగా కనిపిస్తాయి. మీ పలక మీద నూటికి తొంభై క్యాన్సర్ కణాలు గోధుమ రంగులో కనిపించాయన్నమాట. నూటికి ఒక్క కణం రంగు పట్టినా పాజిటివ్ అనే రాస్తాం. పది లోపు ఉంటే తక్కువ పాజిటివ్ అని విడిగా చెబుతాం.

ఆ రిసెప్టర్ ఒక తాళం, ఈస్ట్రోజన్ తాళంచెవి. చెవి తిరిగితే కణానికి పెరగమని ఆదేశం వెళుతుంది. అందుకే చెవిని అడ్డుకునే మాత్ర మీకు పనిచేస్తుంది. రొమ్ము క్యాన్సర్లలో నూటికి డెబ్బైకి పైగా ఈ రకమే. 1896లో బీట్సన్ అనే స్కాట్లాండ్ సర్జన్ ముదిరిన రొమ్ము క్యాన్సర్‌తో ఉన్నవారికి అండాశయాలు తీసేసి, గడ్డలు తగ్గాయని రాశాడు. అప్పటికి ఈస్ట్రోజన్ అనే పేరే లేదు.

నీలిగోరింట:
గాజుపలక గారూ, ఇన్నాళ్లూ ఆ 90 అంకెను చూసి నూటికి తొంభై వంతులు పోయినట్టే అనుకున్నాను. నిజంగా. ఎవరూ చెప్పలేదు.

గాజుపలక:
అయ్యో. ఈ అంకె ఎంత ఎక్కువైతే మాత్ర అంత బాగా పనిచేసే అవకాశం ఉందని అర్థం.

తెల్లమబ్బు:
నాదీ ఇదే రకం. మొదటి బిడ్డ 36 ఏళ్లకు పుట్టింది, జబ్బు 41లో బయటపడింది. నా విషయంలో జాబితా అచ్చు గుద్దినట్టు సరిపోయింది. అది ఇంకా బాధ. "త్వరగా కని ఉంటే" అని మా అత్తగారు అనలేదు గానీ నేనే రోజూ అనుకుంటాను.

మందారం:
తెల్లమబ్బూ, త్వరగా కన్న నీలిగోరింటకు వచ్చింది, ఆలస్యంగా కన్న నీకూ వచ్చింది. నాకు పిల్లలే లేరు, 63 ఏళ్లు, రాలేదు. ఇందులో ఎవరు ఎవరిని నిందించాలి?

కొలబద్ద:
తెల్లమబ్బు గారూ, పాత మాట ఒకటి. 1926లో జేనెట్ లేన్ క్లేపాన్ అనే ఇంగ్లండ్ వైద్యురాలు రొమ్ము క్యాన్సర్ ఉన్న 500 మందిని, లేని 500 మందిని పోల్చి చూశారు. ఆలస్యపు పెళ్లి, తక్కువ కాన్పులు, పాలివ్వకపోవడం జబ్బు ఉన్నవారిలో ఎక్కువగా కనిపించాయి. ఈ జాబితాకు పునాది అదే. తర్వాత 2002లో 30 దేశాల సమాచారంతో లెక్కిస్తే, ఒక్కో కాన్పుకు ముప్పు 7 శాతం, పాలిచ్చిన ప్రతి పన్నెండు నెలలకు 4.3 శాతం తగ్గినట్టు తేలింది.

అయితే ఎక్కువమందికి తెలియని ముక్క ఇంకొకటి ఉంది. కాన్పు అయిన వెంటనే రక్షణ రాదు. తర్వాత కొన్నేళ్లు ముప్పు కాస్త పెరుగుతుంది, తగ్గుదల చాలా ఏళ్లకు మొదలవుతుంది. మీ 36కూ 41కీ మధ్య దూరం ఐదేళ్లే. దానికీ మీరు బాధ్యులు కారు.

తెల్లమబ్బు:
ఇది డాక్టరు కూడా చెప్పలేదు. ఇంకోసారి చదువుకుంటాను.

పొద్దుతిరుగుడు:
అక్కగారి మాత్రల గురించి ఎవరూ మాట్లాడటం లేదు. నేను నాలుగేళ్లుగా వాడుతున్నాను. అవి లేకపోతే రాత్రికి ఆరుసార్లు తడిసిన రవికె మార్చుకునేదాన్ని, పగలు ఉద్యోగంలో తల పనిచేసేది కాదు. దయచేసి ఆ మాత్రను విషంలా చూడకండి. 2002లో వార్తలు చూసి భయపడి మానేసినవారిలో మా పెద్దమ్మ ఒకరు. మూడేళ్లు నరకం చూసింది.

వానాకాలం:
పొద్దుతిరుగుడు గారూ, మీ బాధ అర్థమవుతుంది. కానీ నేను ఆరేళ్లు రెండు హార్మోన్లు కలిపిన మాత్ర వాడాను, ఏడో ఏట గడ్డ బయటపడింది. ఈస్ట్రోజన్ పాజిటివే. మొదలుపెట్టేటప్పుడు ముప్పు గురించి నాకు ఒక్క ముక్క చెప్పినవారు లేరు. నా కోపం దాని గురించే.

పొద్దుతిరుగుడు:
చెప్పకపోవడం తప్పే. ఆ మాట ఒప్పుకుంటాను.

కొలబద్ద:
మీ ఇద్దరి మాటా నిజమే, అంకెలు చూడండి. 2002లో ఆపేసిన అమెరికా హార్మోన్ మాత్రల పరీక్షలో 16,608 మంది ఉన్నారు. వేషపు మాత్ర, అంటే మందు లేని మాత్ర వేసుకున్నవారిలో ఏడాదికి పదివేల మందికి 30 రొమ్ము క్యాన్సర్లు వస్తే, ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లూ కలిపి వాడినవారిలో 38 వచ్చాయి. పత్రికలు "26 శాతం పెరుగుదల" అని రాశాయి. "పదివేల మందికి ఏడాదికి ఎనిమిది మంది" అన్నదీ అదే లెక్క. మొదటిది భయపెడుతుంది, రెండోది ఆలోచించుకోనిస్తుంది.

గర్భసంచి తీసేసినవారికి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చిన పరీక్షలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు, తగ్గింది కూడా.

రాగిచెంబు:
అక్కడ ఆగకండి. 2019లో 58 అధ్యయనాలను కలిపిన పెద్ద విశ్లేషణ వచ్చింది. 50 ఏళ్లకు మొదలుపెట్టి ఐదేళ్లు రోజూ రెండు హార్మోన్లూ వాడితే, తర్వాతి ఇరవై ఏళ్లలో ప్రతి 50 మందికి ఒకరికి అదనంగా జబ్బు వస్తుందని అంచనా కట్టింది. ఈస్ట్రోజన్ ఒక్కటే అయినా 200 మందికి ఒకరు. మానేశాక కూడా కొంత ముప్పు పదేళ్లకు పైగా మిగులుతుందని చెప్పింది. యోనిలో పూసే ఈస్ట్రోజన్‌తో మాత్రం చెప్పుకోదగ్గ పెరుగుదల కనిపించలేదు. మీరు చెప్పిన పరీక్షకూ దీనికీ ఈస్ట్రోజన్ విషయంలో పొంతన లేదు. అది దాచకూడదు.

కొలబద్ద:
దాచలేదు, మరిచాను. మీరు చెప్పింది సరైనదే. ఒకటి చీటీలు వేసినట్టు రెండు గుంపులుగా విడదీసి చేసిన పరీక్ష, రెండోది జనం వాడకాన్ని గమనించిన సమాచారం. ఈ ఒక్క విషయంలో నిపుణులే ఇంకా వాదించుకుంటున్నారు.

మందారం:
అసలు విషయం అక్కగారిది. ఆవిడకు ఇప్పుడు చెల్లెలికి జబ్బు ఉన్నట్టయింది. రెండేళ్ల కిందట మాత్ర రాసిన డాక్టరుకు ఈ సంగతి తెలియదు. వెళ్లి చెప్పమనండి. గర్భసంచి ఉందా, మాత్రలో ఏమేం ఉన్నాయి, మోతాదు ఎంత అని రాసుకుని వెళ్లమనండి. హార్మోన్ లేకుండా ఆవిర్లు తగ్గించే మందులు కూడా ఉన్నాయి. చెప్పకుండా ఒక్క రాత్రిలో మానేయడం, భయపడుతూ మింగడం రెండూ వద్దు.

గవ్వల_సంచి:
నాకు లావు సంగతి చెప్పండి. నెలసరి ఆగితే ఈస్ట్రోజన్ తయారీ ఆగిపోతుంది కదా, మరి ఆగాకే ఎక్కువమందికి ఎందుకు వస్తుంది?

గాజుపలక:
అండాశయాలు ఆపేస్తాయి, శరీరం ఆపదు. కొవ్వు కణజాలంలో ఆరోమాటేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే హార్మోన్లను అది ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. కొవ్వు ఎక్కువైతే తయారీ ఎక్కువ. అందుకే బరువు వల్ల ముప్పు పెరగడం నెలసరి ఆగాక స్పష్టంగా కనిపిస్తుంది. చిన్న వయసులో లావుగా ఉన్నవారికి ఈ జబ్బు ముప్పు కొంచెం తక్కువగానే కనిపించింది కూడా. లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ అనే మాత్రలు అడ్డుకునేది ఈ ఎంజైమ్‌నే. నెలసరి ఇంకా వస్తున్నవారికి అవి ఒంటరిగా పనిచేయవు, కాబట్టి నీలిగోరింట గారికి బహుశా రిసెప్టర్ దగ్గరే ఈస్ట్రోజన్‌ను అడ్డుకునే టామాక్సిఫెన్ ఇస్తారు.

గవ్వల_సంచి:
అంటే నడవమని డాక్టరు వెంటపడటానికి కారణం ఉందన్నమాట. ఆయన నన్ను సాధించడానికే చెబుతున్నాడనుకున్నాను.

రాగిచెంబు:
నడవండి. వ్యాయామం వల్ల ముప్పు తగ్గుతుందన్నది గట్టిగా నిలిచిన విషయాల్లో ఒకటి. మద్యం కూడా అంతే, రోజుకు పది గ్రాముల ఆల్కహాల్‌కు ముప్పు 7 శాతం చొప్పున పెరుగుతుందని లెక్క. "అప్పుడప్పుడు కొంచెం పరవాలేదు" అనే మాట ఈ జబ్బు విషయంలో నేను ఒప్పుకోను.

చెమ్మచెక్క:
లోదుస్తులు బిగుతుగా ఉంటే వస్తుందంటారు, చంకల్లో పూసే సుగంధాల వల్ల వస్తుందంటారు. నిజమేనా?

కొలబద్ద:
రెండిటికీ ఆధారం లేదు. దెబ్బ తగిలితే వస్తుందన్నదానికీ లేదు. గర్భస్రావం వల్ల వస్తుందని మరో మాట తిరుగుతుంది. 2004లో 53 అధ్యయనాలు చూసి సంబంధం లేదని తేల్చారు. ఆ మాట విని ఎంతమంది లోలోపల కుమిలిపోయారో.

గడపదీపం:
మా అన్నయ్యకు 58లో వచ్చింది. అవును, మగవాడికి. చనుమొన వెనుక బఠానీ గింజంత గట్టిగా తగిలితే ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదు. రొమ్ము క్యాన్సర్లలో మగవారివి నూటికి ఒకటి లోపే, కానీ వాటిలో దాదాపు అన్నీ ఈ హార్మోన్ రకమే. తర్వాత పరీక్ష చేస్తే, రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే మార్పు బీఆర్‌సీఏ2 అనే జన్యువులో బయటపడింది. అది మా నాన్న వైపు నుంచి వచ్చింది. నాన్నకు అక్కచెల్లెళ్లు లేరు, కాబట్టి ఇంట్లో ఎవరికీ కనిపించలేదు.

నీలిగోరింట గారూ, మీకు 50 నిండక ముందే వచ్చింది. జన్యు పరీక్ష అవసరమా అని మీ డాక్టరును తప్పకుండా అడగండి. తల్లి వైపు మాత్రమే చూసి లేదనుకోకండి. బీఆర్‌సీఏ1 ఉన్నవారిలో ఎక్కువగా హార్మోన్లకు స్పందించని రకం వస్తుంది. బీఆర్‌సీఏ2లో ఎక్కువగా మీ రకమే.

నీలిగోరింట:
నాన్న వైపు మేనత్తలు ఇద్దరున్నారు, బాగానే ఉన్నారు. అయినా అడుగుతాను. మీ అన్నయ్య ఎలా ఉన్నారు?

గడపదీపం:
టామాక్సిఫెన్ మీద మూడో ఏడు. తోట పని చేసుకుంటున్నాడు. ఇప్పుడు మగవాళ్లందరినీ పట్టుకుని తడిమి చూసుకోమని పాఠం చెబుతున్నాడు, బస్సులో పక్క సీటువాణ్ని కూడా వదలడు.

చెమ్మచెక్క:
ఆయనకు మా అందరి తరఫునా దండం. అలాంటివారు ప్రతి బస్సులో ఒకరు ఉండాలి.

నీలిగోరింట:
నాలుగు రోజులు రాయలేదు, రేడియేషన్ మొదలైంది. మొన్న అక్క వచ్చింది. నేల మీద కూర్చుని నా పాత కాగితాలన్నీ పరిచాం. రెండేళ్ల కిందటి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) దొరికింది. ఏమీ లేదని చెప్పి పంపారు అప్పుడు. కింద చిన్న అక్షరాల్లో "కణజాలం చాలా దట్టంగా ఉంది, వర్గం డి" అని ఉంది. ఆ వాక్యం నాకు ఎవరూ చదివి వినిపించలేదు. దీనికి అర్థం ఏమిటి?

గాజుపలక:
రొమ్ములో కొవ్వు తక్కువ, గ్రంథుల కణజాలం ఎక్కువ అని. ఎ నుంచి డి వరకు నాలుగు వర్గాలు, డి అన్నిటికన్నా దట్టమైనది. చేత్తో తడిమితే తెలియదు, మామోగ్రామ్‌లోనే కనిపిస్తుంది. కొవ్వు నల్లగా, గ్రంథులు తెల్లగా పడతాయి. గడ్డ కూడా తెల్లగానే పడుతుంది. తెల్లటి గోడ మీద సున్నపు చుక్క వెతికినట్టు ఉంటుంది. అలాంటప్పుడు అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్ఐ గానీ అవసరమా అని ఆలోచిస్తారు.

రాగిచెంబు:
దట్టంగా ఉండటం దాచడమే కాదు, దానంతట అదే ముప్పు కారణం. డి వర్గం వారికి దాదాపు అంతా కొవ్వే ఉన్నవారితో పోలిస్తే నాలుగు నుంచి ఆరు రెట్లు. జాబితాల్లో దీన్ని చివర రాస్తారు, చాలాచోట్ల రాయరు. 2024 సెప్టెంబరు నుంచి అమెరికాలో మామోగ్రామ్ తీసిన ప్రతి చోటా ఈ సంగతి తీయించుకున్న మహిళకే రాతపూర్వకంగా చెప్పాలని నియమం వచ్చింది. అన్ని చోట్లా రావాలి.

వానాకాలం:
మొదట్లో కొలబద్ద గారి మీద కోప్పడ్డాను, ఆవిడకు ఇంకో కారణం ఎందుకు అని. ఇప్పుడు ఈ కాగితం చూశాక, రెండేళ్ల కిందటే ఎవరో ఒకరు ఆవిడకు ఆ కారణం చెప్పి ఉండాల్సిందని అనిపిస్తోంది.

నీలిగోరింట:
నాకు కోపం వచ్చింది, దాచను. కానీ విచిత్రంగా చెవిలో ఉన్న ఆ మాట మాత్రం పోయింది. పదకొండో ఏట మొదలైన నెలసరి, దట్టమైన కణజాలం, 47 ఏళ్లు. వీటిలో నేను చేసింది ఏదీ లేదు.

అక్క డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆమెది రెండు హార్మోన్ల మాత్రే. అది మెల్లగా ఆపి, హార్మోన్ లేని మందు మీదికి మారుస్తున్నారు. ఆవిర్లు మళ్లీ వస్తే చెప్పమన్నారట. తన మామోగ్రామ్ కూడా తీశారు, వర్గం బి. ఇంటికి వచ్చి నాకు ఆ ఒక్క అక్షరం చూపించింది.

పొద్దుతిరుగుడు:
అక్కగారికి రాత్రిపూట పక్కన తడిగుడ్డ, పలచని నూలు దుప్పటి పెట్టుకోమని చెప్పండి. మారే నెల కష్టంగా ఉంటుంది. నేను కూడా ఈ నెలలో డాక్టరు దగ్గరికి వెళుతున్నాను, నా మాత్రలో ఏమేం ఉన్నాయో అడగడానికి. నాలుగేళ్లలో ఒక్కసారీ అడగలేదు.

తెల్లమబ్బు:
కూతురి సంగతి ఏమన్నారు?

నీలిగోరింట:
19 ఏళ్లకు మామోగ్రామ్ అవసరం లేదన్నారు. నాకు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు, అంటే 37 నుంచి మొదలుపెట్టవచ్చన్నారు. నా జన్యు పరీక్షలో ఏమైనా వస్తే ఆ లెక్క మారుతుంది. రక్తం ఇచ్చాను, ఫలితానికి కొన్ని వారాలు పడుతుందట.

ఒక తెల్ల కాగితం మీద అమ్మ, నేను, అక్క, మేనత్తలు, ఒక్కొక్కరికి నెలసరి ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, కాన్పులు ఎప్పుడు, మామోగ్రామ్ వర్గం ఏమిటి అని గళ్లు గీసి రాశాను. అమ్మకు ఫోను చేసి అడిగితే సిగ్గుపడింది, తర్వాత అన్నీ చెప్పింది. పిల్ల దాని ఫొటో తీసుకుంది. చివరి వరుసలో తన పేరు తనే రాసుకుని, పక్కన "13" అని వేసింది.